ఇంటి నిండా యువాన్ కూజాలే

చైనాలో పాత పింగాణీ సేకరించేవాళ్లలో ఒక తెగ ఉంది. అక్కడి వ్యాపారులు వీళ్లను ‘గ్వోబావ్ బాంగ్’ అంటారు, జాతీయ నిధుల ముఠా అని. వెక్కిరింపుగా పెట్టిన పేరే గాని, ఈ తెగకు చెందిన పెద్దమనిషి దాన్ని బిరుదుగానే పుచ్చుకుంటాడు. వయసు యాభై దాటి ఉంటుంది. ఉద్యోగం నుంచి రిటైరయ్యో, చిన్న ఫ్యాక్టరీని కొడుక్కి అప్పజెప్పో కావలసినంత తీరిక సంపాదించినవాడు. జేబులో టార్చిలైటు, మెళ్లో తాడుకు కట్టిన భూతద్దం, కొన్నది చుట్టుకోవడానికి సంచిలో పాత పేపర్లు. ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండదు. సోఫా వెనక కూజాలు, మంచం కింద గిన్నెలు, వంటింటి అటక మీద అట్టపెట్టెల్లో పళ్లేలు. వాటిలో చిన్నా చితకా సరుకు ఒక్కటీ లేదు. అన్నీ యువాన్ వంశకాలపు నీలి కూజాలు, సోంగ్ ఆస్థానపు రు గిన్నెలు, మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా కాలపు కోడిబొమ్మ కప్పులు.

ఇక్కడ లెక్క కొంచెం తేడా వస్తుంది. రు పింగాణీ తయారైందే కొద్ది కాలం. ప్రపంచంలోని మ్యూజియాలూ, ధనవంతులూ అందరి దగ్గరా కలిపి వందకు లోపే మిగిలాయని పరిశోధకుల మాట. కుంచెలు కడుక్కునే చిన్న రు గిన్నె ఒకటి 2017లో హాంకాంగ్ వేలంలో 29 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటింది. పెద్దమనిషి మంచం కింద అలాంటివి డజను ఉన్నాయి. యువాన్ నీలి పింగాణీ కూడా లోకమంతటా కొన్ని వందలకు మించి లేదు. ఈయన ఇంట్లో దాన్ని సైజులవారీగా పేర్చారు. ఈ తేడా ఎవరైనా ఎత్తిచూపితే ఆయన నొచ్చుకోడు, జాలిపడతాడు. “మ్యూజియంవాళ్లు మా ఇంటికి వచ్చి లెక్కపెట్టలేదు కదా” అంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాడు కనీసం కుందేలును పట్టుకున్నాడు.

ఈయన ఎక్కువగా తిరిగే చోటు బీజింగ్‌లోని పాన్‌జియాయువాన్ సంత. 1990ల తొలిరోజుల్లో పుట్టిన ఈ సంతకు దయ్యాల సంత అనే పేరు కూడా ఉంది. తెల్లవారకముందే టార్చిలైట్ల వెలుగులో బేరాలు సాగడమే అందుకు కారణం. ఎండలో చూస్తే కొనబుద్ధి కాని వస్తువులు ఆ చీకట్లోనే చేతులు మారతాయి. సంతకు తనదైన మర్యాద ఉంది. కుండను ఒక చేతి నుంచి మరో చేతికి అందించకూడదు. అమ్మేవాడు నేల మీద పెట్టాలి, కొనేవాడు అక్కణ్ణుంచి ఎత్తుకోవాలి. జారి పగిలితే పాపం ఎవరిదన్న తగువు రాకుండా చేసిన ఏర్పాటిది. కొన్నాక పూచీ మాత్రం పూర్తిగా కొన్నవాడిదే. మోసపోయినవాడు తిరిగొచ్చి గొడవ చేయడు. ఫీజు కట్టి పాఠం నేర్చుకున్నానని పైకి చెప్పుకుంటాడు. ఈ పెద్దమనిషి కట్టిన ఫీజుతో ఒక కాలేజీ నడుస్తుంది.

అమ్మేవాడు తరచు రైతు వేషంలో ఉంటాడు. కుండకు మట్టి, గోళ్లలో మట్టి, చెప్పులకు మట్టి. “ఇంటికి పునాది తవ్వుతుంటే బయటపడిందండీ లావ్‌షి!” అని మొదలుపెడతాడు. లావ్‌షి అంటే గురువుగారు. “నాకేం తెలుసు, చదువు లేనివాణ్ణి. మీరు పెద్దలు, మీరే చూసి చెప్పండి.” ఈ చివరి మాటకు మించిన మత్తుమందు పింగాణీ వ్యాపారంలో లేదు. ఆ క్షణం నుంచి అమ్మేవాడు ఒక్క మాట కూడా మాట్లాడనక్కర్లేదు. కుండ పుట్టుపూర్వోత్తరాలు, వంశం, శతాబ్దం, ఏ బట్టీలో కాలిందో అన్నీ కొనేవాడే వివరిస్తాడు. రైతు నోరు వెళ్లబెట్టుకుని వింటాడు. వచ్చేవారం మరో గురువుగారికి చెప్పడానికి పనికొస్తుందని కొంత గుర్తు కూడా పెట్టుకుంటాడు.

పెద్దమనిషికి ఏమీ తెలియదనుకుంటే పొరపాటు. ఆయనకు చాలా తెలుసు. చిక్కంతా ఆ తెలివిలోనే ఉంది.

కుండ చేతికి రాగానే ఆయన దాన్ని తిరగేస్తాడు. సరైన పద్ధతే. అడుగున ఉండే పాదం అంచుకు సాధారణంగా గాజుపూత ఉండదు. పూత ఉంటే కాలేటప్పుడు కుండ కిందిదానికి అతుక్కుపోతుంది. కాబట్టి లోపలి మట్టి కంటికి కనిపించే చోటు అదొక్కటే. జియాంగ్షీ రాష్ట్రంలోని జింగ్‌దెజెన్ ఊళ్లో కయోలిన్ అనే తెల్లమట్టినీ, దంచి పొడిచేసిన పింగాణీ రాయినీ కలిపి, 1,300 డిగ్రీల వేడికి అటూ ఇటూగా కాల్చేవారు. మట్టిలో కాస్త ఇనుము ఉంటే పూత ఆగిన గీత దగ్గర నారింజ ఎరుపు ఛాయ పుడుతుంది. కాంగ్‌షి, యోంగ్‌జెంగ్ చక్రవర్తుల కాలపు మంచి పనితనంలో పాదం అంచు బురదచేప వీపులా గుండ్రంగా, నున్నగా చేతికి తగులుతుంది. పెద్దమనిషి ఇవన్నీ కంఠతా చెబుతాడు. జింగ్‌దెజెన్‌లో కూర్చున్న నకిలీదారుకు కూడా ఇవన్నీ కంఠతా వచ్చు. ఇద్దరూ చదివింది ఒకే పుస్తకం. అందుకే ఇనుప ద్రావణాన్ని కుంచెతో పాదానికి పూసి కాలుస్తాడు. అసలు ఎరుపు మట్టిలోంచి ఊరినట్టు, ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా ఉంటుంది. పూసిన ఎరుపు పైపైన కూర్చుని ఉంటుంది, చుట్టూ ఒకే తీరుగా. “ఎంత చక్కగా పైకి వచ్చిందో!” అని పెద్దమనిషి మురిసిపోయేది రెండో దాన్ని చూసే.

తర్వాత మెరుపు. కొత్తగా కాలిన పింగాణీకి కళ్లలో గుచ్చుకునే మెరుపు ఉంటుంది. శతాబ్దాల వాడకంతో, తుడవడంతో అది మెత్తబడుతుంది. నకిలీదారు దగ్గర శతాబ్దాల ఓపిక లేదు గాని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంది. ఒక్క తుడుపుతో మెరుపు చచ్చిపోతుంది. ఆ తర్వాత తోలుతో రుద్దుతాడు, టీ డికాక్షన్‌లో ఉడకబెడతాడు, పొటాషియం పర్మాంగనేట్ పట్టించి పగుళ్లలోకి గోధుమరంగు ఎక్కిస్తాడు, కొన్నాళ్లు మట్టిలో పాతిపెడతాడు. యాసిడ్ తగిలిన పూత భూతద్దం కింద సన్నటి గుంటలతో గరుకుగా, అంతటా సమానంగా చప్పబడి ఉంటుంది. నిజమైన వయసుకు ఆ సమానత్వం తెలియదు. చెయ్యి పడిన చోట, బల్లకు రాసుకున్న చోట అరుగుతుంది. గీతలు కూడా అంతే. పాత గిన్నె లోపలి గీతలు లోతుగా, పైపైన, అన్ని దిక్కులకూ, ఒక్కొక్కటి ఒక్కో కాలంలో పడినట్టు ఉంటాయి. గరుకు కాగితంతో గీసినవి బడిపిల్లల వరసలా ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. ఎవరి చెయ్యీ దూరని సన్నటి మెడ లోపల అరుగుదల కనిపిస్తే అనుమానించాలి. పెద్దమనిషి మాత్రం “బాగా వాడారు” అంటాడు.

ఇక గాలిబుడగలు. గాజుపూతలో చిక్కుకున్న సూక్ష్మమైన బుడగలను భూతద్దంలోంచి చూసి కాలం చెప్పే శాస్త్రం ఒకటి ఈ తెగలో బాగా ప్రచారంలో ఉంది. కట్టెల బట్టీలో నిదానంగా కాలి, నిదానంగా చల్లారిన పూతకూ, గ్యాసు బట్టీలో త్వరగా కాలిన పూతకూ బుడగల్లో తేడా ఉండే మాట నిజమే. అయితే పూత మందాన్ని బట్టీ, వేడిని బట్టీ ఆ తేడా మారిపోతుంది. కావాలనుకుంటే నకిలీదారు కూడా కట్టెలే కాలుస్తాడు. పాడింది పాటగా నడిచే ఈ బుడగల శాస్త్రానికి పెద్దమనిషి రాత్రిళ్లు ధారపోస్తాడు. ఆయన బుడగలు లెక్కపెడుతున్నప్పుడు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు.

నీలం దగ్గరికి వస్తే ఆయన గొంతు మారుతుంది. యువాన్, తొలి మింగ్ కాలాల్లో వాడిన కోబాల్టు పశ్చిమాసియా నుంచి వచ్చింది. అందులో ఇనుము ఎక్కువ, మాంగనీసు తక్కువ. రంగు చిక్కగా పడిన చోట నల్లటి మచ్చలు కట్టి పూతలోకి దిగబడతాయి. ఆ మచ్చలను తర్వాతి తరాలవారు అందంగా భావించారు. ఎంతగానంటే, 18వ శతాబ్దంలో పాత పద్ధతిని అనుకరించిన జింగ్‌దెజెన్ పనివాళ్లు కుంచె మొనతో కావాలని చుక్కలు పెట్టేవాళ్లు. ఇప్పటి నకిలీదారు కూడా పెడతాడు. పెద్దమనిషి సూత్రం తేలిక: చుక్కలుంటే యువాన్, చుక్కలు లేకపోతే అరుదైన యువాన్. గులాబీరంగు విషయంలో ఇంకా తేలిక. బంగారం నుంచి తీసిన ఆ గులాబీరంగు చైనా పింగాణీ మీదికి వచ్చింది 1720ల ప్రాంతంలో, అంటే మింగ్ వంశం పోయి డెబ్బై ఎనభై ఏళ్లయ్యాక. ఆ గులాబీరంగు పూలున్న మింగ్ కూజా అనేదే ఉండదు. ఆయన దగ్గర రెండున్నాయి. “మన పూర్వీకులకు ఇవన్నీ ముందే తెలుసు” అనే మాట అక్కడా వాడుకలో ఉంది.

అడుగున రాసిన పాలనాముద్ర మీద ఆయన చేసిన సాధన నిజంగా మెచ్చుకోదగ్గది. 1426 నుంచి 1435 వరకు ఏలిన షువాన్‌దె చక్రవర్తి ముద్రలో ‘దె’ అనే అక్షరంలో హృదయం గుర్తు పైన రావలసిన చిన్న అడ్డగీత ఉండదు. ఇది ఆయన కనిపెట్టిన రహస్యమన్నట్టు చెవిలో చెబుతాడు. నకిలీదారులంతా ఆ గీత మానేసి చాలాకాలమైంది. పైగా ముద్రలో అబద్ధమున్నంత మాత్రాన కుండ అబద్ధం కానక్కర్లేదు. 1677లో జింగ్‌దెజెన్ స్థానికాధికారి ఒకరు చక్రవర్తి పేరు కుండల మీద రాయవద్దని ఆంక్ష పెట్టాడు. పగిలిన పెంకు మీద ఏలినవారి పేరు చెత్తకుప్పలో పడితే అపచారమని. అప్పుడు పనివాళ్లు ఉత్త జంట వృత్తాలు గీసి వదిలేశారు, లేదా రెండు వందల ఏళ్ల కిందటి చెంగ్‌హువా పేరు రాశారు. అవి కాంగ్‌షి కాలపు మంచి పాత వస్తువులు. 19వ శతాబ్దం చివర చేసిన వాటి మీద కాంగ్‌షి పేరు కనిపిస్తుంది. మొత్తానికి ముద్ర చదివి కాలం చెప్పడమంటే, బస్సు మీద రాసిన దేవుడి పేరు చూసి డ్రైవరు ఎవరో చెప్పడమే. ఒక్క ముద్ర మాత్రం నిజమే చెబుతుంది. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం వల్ల, అక్కడికి ఎగుమతయ్యే సరుకు మీద దేశం పేరు ఇంగ్లిషులో వేయవలసి వచ్చింది. ఇంగ్లిషులో చైనా అని ఉన్న గిన్నె అంతకు ముందుది కావడం కష్టం. అలాంటి గిన్నెలను ఆయన కొనడు. అవి అసలైనవే అయినా సరే.

నకలు తీయడం చైనా పింగాణీలో నిన్నమొన్నటి దొంగవిద్య కాదన్న సంగతి కూడా చెప్పాలి. యోంగ్‌జెంగ్, చియన్‌లోంగ్ చక్రవర్తులు స్వయంగా సోంగ్ కాలపు వస్తువులకు నకళ్లు చేయించారు. రాజబట్టీల అధికారి తాంగ్ యింగ్ ఆ పనిలో ఘనుడు. చియన్‌లోంగ్ అయితే పాత కుండల మీద తన పద్యాలు చెక్కించేవాడు. ఒక రు తొట్టెను కుక్కకు అన్నం పెట్టే గిన్నెగా భావించి ఆ మాటే పద్యంలో రాశాడు. అది ఇప్పుడు తైపేలోని జాతీయ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. ఏలినవారికే పొరపాటు జరిగింది గనక పెద్దమనిషిని మరీ నిందించనక్కర్లేదు. చక్రవర్తి అపురూపమైనదాన్ని కుక్కగిన్నె అనుకున్నాడు, ఈయన కుక్కగిన్నెను అపురూపమైనది అనుకుంటున్నాడు.

జింగ్‌దెజెన్‌లోని నేటి పనివాళ్లలో గొప్ప చేతులున్నాయి. ఊళ్లోని ఫాన్‌జియాజింగ్ అనే పేట పాత పద్ధతి నకళ్లకు పేరుపడింది. చాలామంది నకలును నకలుగానే అమ్ముతారు, దానికి తగ్గ ధర తీసుకుంటారు. అబద్ధం చేర్చేది దారిలో చేతులు మార్చేవాడు. మధ్యలో రెండు చేతులు మారేసరికి వస్తువుకు ఆరువందల ఏళ్లు వస్తాయి.

ప్రయోగశాల మాట ఎత్తితే పెద్దమనిషి రెండు రకాలుగా మాట్లాడతాడు. పింగాణీలోంచి సన్నటి నమూనా తొలిచి తీసి వేడిచేస్తే, అది ఆఖరిసారి కాలినప్పటి నుంచి పోగుపడిన రేడియేషన్ శక్తి వెలుగుగా బయటపడుతుంది. ఆ వెలుగును కొలిచి వయసు అంచనా వేస్తారు. ఫలితం అనుకూలమైతే సైన్సు, కాకపోతే విదేశీ కుట్ర. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. కొత్త కుండకు కృత్రిమంగా రేడియేషన్ ఎక్కించేవాళ్లున్నారు. పగిలిన పాత కుండ అడుగు తెచ్చి కొత్త ఒంటికి అతికించేవాళ్లూ ఉన్నారు. అడుగులోంచి నమూనా తీస్తే అడుగు వయసే వస్తుంది. సర్టిఫికెట్ సంగతి వేరే చెప్పాలా? కుండకు నకలు తీయడం కంటే కాగితానికి తీయడం సులువు. ఇది పింగాణీకే పరిమితం కాదు. బంగారు తీగతో కుట్టిన పచ్చరాళ్ల కవచమని చూపిన ఒక నకిలీకి, అయిదుగురు పేరున్న నిపుణులు గాజుపెట్టె తెరవకుండానే 240 కోట్ల యువాన్ల విలువ కట్టారు. దాని ఆసరాతో బ్యాంకు నుంచి అప్పులు పుట్టాయి. సంగతి 2011లో బయటపడింది.

పెద్దమనిషికి మ్యూజియాలంటే గిట్టదు. తన నిధులను ఉచితంగా ఇస్తానన్నా తీసుకోవడం లేదని ఆయన బాధ. కొందరు విసిగిపోయి సొంత మ్యూజియమే కట్టుకున్నారు. హెబెయ్ రాష్ట్రంలోని జీజౌలో 40,000 వస్తువులతో వెలసిన ఒక మ్యూజియం 2013లో మూతపడింది. అక్కడొక వస్తువు మీద పురాణకాలపు పసుపు చక్రవర్తి చేవ్రాలు ఉందన్నారు. చేవ్రాలు బాగానే ఉంది గాని, అది 1950లలో ప్రభుత్వం ప్రవేశపెట్టిన సరళ లిపిలో ఉంది. గొడవ ముదిరాక మ్యూజియం తరఫు సలహాదారు ఒకరు, కనీసం 80 వస్తువులు అసలైనవేనని గట్టిగా వాదించాడు. ఈ తెగ చరిత్రలో ఇంత వినయంగా మాట్లాడినవాడు ఇంకొకడు లేడు.

టీవీ కూడా ఈ పిచ్చికి ఆజ్యం పోసింది. బీజింగ్ టీవీ కార్యక్రమం ఒకదానిలో, నకిలీ అని తేలిన వస్తువును వ్యాఖ్యాత అక్కడికక్కడే సుత్తితో బద్దలు కొట్టేవాడు. తెచ్చినవాడు ముందే ఒప్పుకుని సంతకం పెట్టాలి. జనం విరగబడి చూశారు. 2012లో పగలగొట్టిన ముక్కలను ప్రదర్శనకు పెడితే, అందులో కొన్ని అసలైనవేనని సేకర్తలు గోల పెట్టారు. నిజమేదైనా, అప్పటికి అన్నీ ముక్కలే.

ఆయన వాదంలో ఒక్క ముక్క మాత్రం కొట్టిపారేయలేనిది. నిపుణులకు పొరపాటు జరగదా? జరుగుతుంది. 1351 తేదీ వేసిన జత కూజాలు 1920లలో బయటికొచ్చినప్పుడు, యువాన్ కాలంలో నీలి పింగాణీయే లేదన్న నమ్మకంతో చాలామంది పక్కకు నెట్టారు. అవే ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో డేవిడ్ కూజాల పేరుతో యువాన్ నీలానికి కొలబద్దగా ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కుటుంబం 2007లో పాతసామాను అమ్మకంలో 3 డాలర్లకు కొన్న తెల్ల గిన్నె, సోంగ్ కాలపు డింగ్ పింగాణీ అని తేలి 2013లో 22 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2022లో ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లోలో జరిగిన వేలంలో ఒక నీలి కూజాను నిపుణుడు 20వ శతాబ్దపు అలంకార వస్తువన్నాడు. 2,000 యూరోలు రావచ్చని అంచనా కట్టారు. పాట 77 లక్షల యూరోల దగ్గర ఆగింది. నిపుణుడు మాట మార్చుకోలేదు. ఉద్యోగం మాత్రం పోయింది. పెద్దమనిషి ఈ కథలన్నీ తేదీలతో సహా చెబుతాడు. వాటికోసమే బతుకుతాడు. నిపుణుడు ఒకసారి తప్పాడు గనక ప్రతిసారీ తప్పుతాడని ఆయన తర్కం.

అసలు తేడా ఇక్కడుంది. నిజంగా తెలిసినవాడు కుండను చేతిలోకి తీసుకున్నది మొదలు అది కాదనడానికి కారణం వెతుకుతాడు. బరువు, పాదం, నీలం, గీతలు, ముద్ర అన్నీ ఒకే కాలం చెప్పాలి. ఒక్కటి అడ్డం తిరిగినా కుండను కింద పెట్టేస్తాడు. పెద్దమనిషి అవుననడానికి ఒక్క కారణం దొరికితే చాలునంటాడు, మిగతా నాలుగింటికీ తనే సమాధానం చెబుతాడు.

ఈ తెగకు పూర్తిగా వ్యతిరేకమైన జాతి కూడా సంతలో తిరుగుతుంటుంది. చూసినదల్లా నకిలీ అనే మనిషి. ఏ కుండనూ ఎత్తడు, దూరం నుంచే పెదవి విరుస్తాడు. వందలో తొంభై తొమ్మిదిసార్లు ఈయన మాటే నిలుస్తుంది గనక మహా పండితుడని పేరు తెచ్చుకుంటాడు. తెలిసింది సున్నా.

ఇంట్లో పెద్దమనిషి పరిస్థితి కాస్త సున్నితం. ఆయన లెక్క ప్రకారం కుటుంబం ఆసియాలోని సంపన్నుల్లో ఒకటి. కరెంటు బిల్లు మాత్రం కొడుకు కడుతున్నాడు. 2014లో ఒక చెంగ్‌హువా కోడి కప్పు 28 కోట్ల హాంకాంగ్ డాలర్లకు అమ్ముడైనప్పుడు ఇంట్లో పండగ జరిగింది, అలాంటివి నాలుగున్నాయి గనక. దాన్ని కొన్న ల్యూ యిచియన్ ఒకప్పుడు షాంఘైలో టాక్సీ నడిపినవాడు. క్రెడిట్ కార్డుతో సొమ్ము కట్టి, ఆ కప్పుతోనే టీ తాగి ఫొటో దిగాడు. ఆ తర్వాత కోడి కప్పు నకళ్లు దేశమంతా కుప్పలుగా వచ్చిపడ్డాయి. పెద్దమనిషి భార్య ఒక సెట్టు కొనుక్కుని రోజూ వాడుతోంది. ఆ ఇంట్లో అడిగిన ధరకు తగ్గ విలువున్న పింగాణీ అదే.

తెలుగునేలకూ ఈ సరుకుతో పాత పరిచయముంది. నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలో జపాన్ చరిత్రకారుడు నొబోరు కరషిమా బృందం మధ్యయుగపు చైనా పింగాణీ పెంకులు గుర్తించింది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో నీలి పింగాణీతో పాటు ఆకుపచ్చ సెలడాన్ పళ్లేలు కూడా ఉన్నాయి. విషం కలిసిన అన్నం పెడితే పళ్లెం పసిగడుతుందని దక్కను ప్రభువులు నమ్మేవారు.

నేర్చుకోదలచినవారికి పెంకుకు మించిన గురువు లేదు. విరిగిన అంచులో మట్టి రంగు, పూత మందం, బుడగల వరస, నీలం ఎంత లోతున కూర్చుందో అన్నీ విప్పి చూపినట్టు కనిపిస్తాయి. జింగ్‌దెజెన్‌లో మింగ్ రాజబట్టీలు పనికిరాని వస్తువులను పగలగొట్టి గోతుల్లో పూడ్చేవి. 1980ల నుంచి పురావస్తు పరిశోధకులు ఆ ముక్కలు ఏరి, అతికించి, ఏ కాలపు పనితనం ఎలా ఉండేదో తేల్చారు. ఆ ఊళ్లో వేకువన జరిగే సంతలో పెంకులు కూడా అమ్ముతారు. పెద్దమనిషి ఆ వరస వైపు చూడనైనా చూడడు, పగిలినదానికి విలువేముందని. కొత్తగా నేర్చుకునేవారు మాత్రం అక్కడే మొదలుపెట్టాలి, కొద్ది డబ్బుతో, బాగా వెలుతురు వచ్చాక. కొనే ముందు పెంకును కూడా తిరగేసి చూసుకోవాలి. పెంకులకూ నకిలీలు వస్తున్నాయి.